శీలావతి చెరువున గుడ్లు పెట్టదేల?

బరంపురము బజారున చేపల తట్టల యొద్ద కొంతసేపు నిలిచినచో ఒక్క చేపకే రెండు పేర్లు వినవచ్చును. ఒడియావారు రోహి యనుదానిని మన యిండ్లలో శీలావతి యందుము. వారి భాకుర మన బొచ్చె. వారి మిరికాళి మన మోసు. ఈ మూడును కార్పు కుటుంబమునకు చెందిన మంచినీటి చేపలు. గంజాము జిల్లాలో ఊరి చెరువులను పాటకు తీసికొన్నవారు ముఖ్యముగా పెంచునవి ఇవియే. ఇచ్చట చాలినన్ని దొరకనప్పుడు కొల్లేటి ప్రాంతమునుండి మంచుపెట్టెలలో వచ్చునవియు ఇవియే.

ఈ చేపలను గూర్చి పెంపకందార్లకు చిరకాలముగా తెలిసిన విచిత్రమొకటి కలదు. శీలావతి చెరువులో చక్కగా పెరుగును. రెండేండ్ల ప్రాయమునకు ఆడచేప కడుపు గుడ్లతో నిండును. కిలో బరువు గల చేపలో రెండు మూడు లక్షల గుడ్లుండుట సామాన్యము. అయినను నిలువనీటి చెరువులో అది గుడ్లు పెట్టదు. వానకాలము గడచిపోవును, ఆ గుడ్లు కడుపులోనే క్రమముగా కరగి శరీరమున కలిసిపోవును. అదే చేప మహానదివంటి నదిలో నున్నచో, ఆషాఢ శ్రావణములలో వరద పొంగి ఒడ్డున పల్లపు నేలల మీదికి పలుచగా పారునప్పుడు మందలు మందలుగా చేరి గుడ్లు పెట్టును.

ఇందువలన రైతులకు గొప్ప చిక్కు కలిగెడిది. చెరువున వేయుటకు చేపపిల్లలు కావలెనన్న వరదకాలమున నదిలో సన్నని వలలు పన్ని పట్టి తేవలసియుండెను. వలలో పడిన పిల్లలన్నియు శీలావతులు కావు. వాలుగవంటి తిండిపోతు చేపల పిల్లలును వానిలో కలిసియుండును. చూచుటకు అన్నియు వెండ్రుక ముక్కలవలె నొకటిగానే కనబడును. పెరిగిన పిమ్మట గాని ఏది యేదియో తెలియదు. తెలియునప్పటికి వాలుగ తన పని ముగించియుండును.

ఈ చిక్కు విడిపోయినది మన ఒడిశా రాష్ట్రములోనే. కటకములోని కేంద్ర మత్స్య పరిశోధన విభాగమున పనిచేయుచుండిన హీరాలాల్ చౌధురి, కె. హెచ్. అలికున్హి యను శాస్త్రజ్ఞులు 1957 జూలై 10వ తేదీన అంగుల్ నందలి చెరువులో, నిలువనీటనే కార్పు జాతి చేపలచే గుడ్లు పెట్టించిరి. వారు వాడిన మందు మరియొక చేప తలలోనిదే. మెదడు క్రింద ఆవగింజవలె అంటియుండు పీయూష గ్రంథిని తీసి, నూరి, ఆ రసమును ఆడచేపకును మగచేపకును సూదితో కండలోనికి ఎక్కించిరి. నేడు దేశమంతట జూలై 10వ తేదీని మత్స్య రైతుల దినముగా జరుపుకొనుట ఆ సంఘటనకు జ్ఞాపకార్థమే. అర్జెంటీనా, బ్రెజిలు దేశములలో 1930 తరువాతి సంవత్సరములలోనే ఇట్టి ప్రయత్నములు జరిగినవి. మన పెద్ద కార్పుల విషయమున మాత్రము కార్యసిద్ధి కలిగినది అంగుల్ లోనే.

విద్యార్థులారా, ఇచ్చట ఆగి రెండు ప్రశ్నలు వేసికొనుడు. చేప తన పీయూష గ్రంథిని తన తలలోనే మోయుచున్నది గదా, మరియొక చేప గ్రంథిరసము దానికేల కావలసివచ్చినది? ఇది మొదటిది. రెండవది మరింత లోతైనది. ఈ రసమును గుడ్లు నిండిన చేపకిచ్చిన కొన్ని గంటలలో ఫలించును. పక్వము కాని చేపకు అంతకు రెట్టింపు ఇచ్చినను ఫలింపదు. సొమ్మును చేపయు రెండును నష్టము. మందు ఒక్కటే, చేప జాతియు ఒక్కటే. ఒక చేప విని, మరియొకటి వినకపోవుటకు కారణమేమి?

వినుట యను మాటను నేను ఊరక వాడలేదు. మన పాఠ్యపుస్తకములు హార్మోను ఏ గ్రంథినుండి పుట్టునో చెప్పును. దానిని ఎవరు విందురో అంతగా చెప్పవు. బరంపురము బజారునే తలచుకొనుడు. జనసమ్మర్దములో ఒకడు తెలుగున నొక కేక వేసెననుకొనుడు. ఆ ధ్వని అందరి చెవులను తాకును. తెలుగు తెలిసినవాడే తల త్రిప్పును. హార్మోను సంగతియు నట్టిదే. అది రక్తములో కలిసి దేహమంతట తిరుగును. మొప్పలకును, కాలేయమునకును, కండలకును పోవును. ఏ కణముల మీద దానికి తగిన గ్రాహకము కలదో ఆ కణములే బదులిచ్చును. గ్రాహకమనునది కణత్వచములో గ్రుచ్చుకొనియుండు ప్రోటీను. దాని తల వెలుపలను, తోక లోపలను ఉండును. నడుమ భాగము పొరను ఏడుమార్లు దాటి కుట్టుపోగువలె నుండును.

భాష ఎవరికిని పుట్టుకతో రాదు. కణమునకు గ్రాహకమును అంతే. ప్రతి కణము యొక్క కేంద్రకమునందును ఆ గ్రాహకమును తయారుచేయు జన్యువు ఉన్నది. శీలావతి మొప్పలోను ఉన్నది, అండాశయములోను ఉన్నది. కాని జన్యువు ఉండుట వేరు, అది పనిచేయుట వేరు. పనిచేసిననే దాని నకలు వ్రాయబడి, ఆ నకలును బట్టి ప్రోటీను తయారగును. దీనినే జన్యు వ్యక్తీకరణమందురు. ఎప్పుడు పనిచేయవలెనో జన్యువునకు చెప్పువారెవరు? ఇచ్చటనే ఈ పాఠములోని అసలు సంగతి యున్నది. ఒక హార్మోనును వినగల శక్తిని కణమునకు నేర్పునది, అంతకుముందు వచ్చిన మరియొక హార్మోను.

పీయూష గ్రంథి అండాశయమునకు పంపు హార్మోనులు రెండు. మొదటిది పుటికోద్దీపక హార్మోను. రెండవది ల్యూటినైజింగు హార్మోను. గుడ్డు చుట్టును ఆవరించియుండు కణముల పొరకు పుటిక యని పేరు. చిన్ని పుటికల మీద మొదటిదానికి గ్రాహకములు ముందుగా ఏర్పడును. రెండవదానికి ఆ దశలో చాల తక్కువ. కనుక తొలినాళ్లలో రెండవ హార్మోను ఎంత వచ్చినను చెవిటివాని ముందర శంఖమూదినట్లే.

పుటికోద్దీపక హార్మోను తన గ్రాహకమును తాకినప్పుడు జరుగునది చూడుడు. హార్మోను కణములోనికి ప్రవేశింపదు, వాకిటనే నిలిచిపోవును. దాని స్పర్శచే గ్రాహకము ఆకారము మార్చుకొని, లోపలి ప్రక్క అంటియున్న జీ-ప్రోటీనును మేల్కొల్పును. అది పొరలోనే యున్న అడినైలైల్ సైక్లేజు అను ఎంజైమును పురికొల్పును. ఆ ఎంజైము కణములోని ఏ.టీ.పీ. అణువును పట్టుకొని, దాని మూడు ఫాస్ఫేటులలో రెండింటిని తొలగించి, మిగిలినదానిని ఉంగరమువలె వంచి ముడివేయును. ఇట్లు పుట్టినదానికి సైక్లిక్ ఏ.ఎం.పీ. యని పేరు. వాకిట నిలిచిన దూత వార్తను ఇంటిలోనికి కొనిపోవు రెండవ దూత ఇదియే.

ఏ.టీ.పీ.ని గూర్చి మనవారు ఎరుగవలసిన మాట యొకటి కలదు. దానిని కండరములనుండి వేరుచేసి 1929లో ప్రకటించినవారు సైరస్ ఫిస్కే, యల్లాప్రగడ సుబ్బారావు గారలు. సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించి, హార్వర్డు విశ్వవిద్యాలయమున ఈ పరిశోధన చేసిరి. జర్మనీలో కార్ల్ లోమన్ కూడ అదే సంవత్సరమున దానిని స్వతంత్రముగా కనుగొనెను. ఇక సైక్లిక్ ఏ.ఎం.పీ.ని కనుగొనినది అమెరికాలోని క్లీవ్‌లాండు నగరమున ఎర్ల్ సదర్లాండు, ఆయన సహచరులు. వారు కాలేయముపై పరిశోధించుచు ఆ వార్తను ప్రకటించినది 1957, 1958 సంవత్సరములలో; అనగా అంగుల్ చెరువులో చేప గుడ్లు పెట్టిన దినములలోనే. ఒకరి పని మరియొకరికి తెలియదు. ఒకరు చేపకిచ్చిన రసము చేప కణములో నడచు దారిని మరియొకరు వేరుచోట వెదకుచుండిరి. సదర్లాండునకు 1971లో నోబెల్ బహుమతి లభించినది.

సైక్లిక్ ఏ.ఎం.పీ. ప్రోటీను కైనేజు-ఏ యను ఎంజైమును విడిపించును. ఈ కైనేజు చేయు పని ఇతర ప్రోటీనులకు ఫాస్ఫేటును తగిలించుట. కేంద్రకములో జన్యువుల ప్రక్కన కాచుకొనియున్న కొన్ని ప్రోటీనులకు ఫాస్ఫేటు తగిలినంతనే అవి మేల్కాంచి ఆయా జన్యువులను పనిచేయించును. పుటికలో ఇట్లు మేలుకొను జన్యువులలో ఒకటి అరోమటేజు ఎంజైమునకు సంబంధించినది. దానివలన ఈస్ట్రడయోలు అను స్త్రీ హార్మోను తయారగును. ఈస్ట్రడయోలు రక్తము ద్వారా కాలేయమునకు పోయి గుడ్డుసొనకు కావలసిన ప్రోటీనును చేయించును. అందుచే గుడ్డు పెరుగును. అంతటితో ఆగక, అది పుట్టిన పుటికలోనే మరియొక పని చేయును. ల్యూటినైజింగు హార్మోను గ్రాహకపు జన్యువును మేల్కొల్పును. చేప కడుపు పెరుగుచున్నదని పైకి కనబడు కాలముననే, లోపల కణములు కొత్త భాషను నేర్చుకొనుచున్నవన్నమాట.

ఇక్కడ చిన్న హెచ్చరిక. సైక్లిక్ ఏ.ఎం.పీ. అనగానే అది పునరుత్పత్తికే సంబంధించినదని తలపరాదు. కలరా సూక్ష్మజీవి విషము మన ప్రేగు కణములలో ఈ మార్గమునే ఎడతెగక తెరచియుంచుటచేత నీళ్లవలె విరేచనములగును. దూత ఒక్కడే, వార్త చేరిన ఇంటిని బట్టి ఫలము మారును.

పై సంగతులను నిశితముగా పరీక్షించుటకు శాస్త్రజ్ఞులు ఎన్నుకొన్నది శీలావతిని కాదు, జీబ్రా చేపను. అది మన తూర్పు భారతదేశపు వాగులలోను, వరిమళ్ల కాలువలలోను తిరుగు రెండంగుళములకు మించని చారల చేప; కార్పులకు దాయాది. నేడు ప్రపంచమందలి ప్రయోగశాలలన్నింట గాజుతొట్లలో పెరుగుచున్నది. దాని పుటికలు పెరుగునప్పుడు పరిశీలింపగా, ల్యూటినైజింగు హార్మోను గ్రాహకపు జన్యువు ఆలస్యముగా మేల్కొని, గుడ్డు పూర్తిగా పెరిగిన దశలో మిక్కుటముగా పనిచేయుట కనబడినది. 2014, 2015 సంవత్సరములలో ప్రకటితమైన పరిశోధనలలో ఆ హార్మోనునే చేయలేని జీబ్రా చేపలను సృష్టించి చూచిరి. ఆడచేపలలో గుడ్లు పెరిగినవి, బయటికి రాలేదు. చెరువులోని మన శీలావతి స్థితి ఇదియే కాదా?

హాంకాంగులో జరిగి 2013లో వెలువడిన మరియొక పరిశోధన నాకు అన్నిటికంటె ఆలోచన పుట్టించినది. పుటిక కణములను పాత్రలో పెంచి వానికి ఈస్ట్రడయోలు ఇచ్చినప్పుడు ల్యూటినైజింగు గ్రాహకపు జన్యువు చురుకుగా పనిచేసినది. దానితోపాటు సైక్లిక్ ఏ.ఎం.పీ. మార్గమును కూడ తెరచినచో ఏమగును? మూడు గంటలకు చూడగా జన్యువు పని తగ్గినది. ఇరువదినాలుగు గంటలకు చూడగా పెరిగినది. ఒకే సంకేతము మొదట అడ్డుపడినది, తరువాత తోడ్పడినది. ప్రోటీను కైనేజు-సీ అను వేరొక ఎంజైము సంగతి అట్లు కాదు. దానిని అణచినప్పుడు మూడు గంటలలోను, ఇరువదినాలుగు గంటలలోను ఈస్ట్రడయోలు ప్రభావము బాగుగా క్షీణించినది. ఒకటి వేళను బట్టి తెరచి మూయు తలుపు. మరియొకటి ఎప్పుడును తెరచియుండవలసిన తలుపు.

ఏ మార్గము జన్యువును పెంచును, ఏది తగ్గించును అని పట్టిక వ్రాసికొని కంఠస్థము చేయుట మన బడులలో అలవాటు. ఈ ప్రయోగము అట్టి పట్టికను చింపివేయును. ఎప్పుడు అని అడుగక, ఏమి చేయును అని అడుగుట చాలదు. అయితే పాత్రలోని కణములలో కనబడిన గంటల లెక్కను చెరువులోని చేపకు తిన్నగా అంటగట్టుటయు తగదు. కణము చుట్టును ఇతర కణములు, వాని వెనుక రక్తము, దానికి పైన మెదడు ఉన్నవి.

మెదడు మాట వచ్చినది గనుక మొదటి ప్రశ్నకు బదులు చెప్పుకొందము. చెరువులోని చేప పీయూష గ్రంథిలో ల్యూటినైజింగు హార్మోను లేకపోలేదు, నిలువ యున్నది. దానిని విడుదల చేయించు ఆజ్ఞ మెదడునుండి రావలెను. కొత్తనీరు, ప్రవాహము, వరద తెచ్చు మార్పులు తెలిసిననే ఆ ఆజ్ఞ పూర్ణబలముతో వచ్చును. పైగా కార్పులలో డోపమీను అను పదార్థము గ్రంథిని సదా పగ్గముపట్టి ఆపుచుండును. నిలువనీటిలో పగ్గము సడలదు. అండాశయము వినుటకు సిద్ధముగా నున్నది, పలుకువాడు మౌనముగా నున్నాడు. అంగుల్ లో సూదితో ఎక్కించిన రసము ఆ మౌనమును మరియొక చేప గొంతుతో పూరించినది.

ఈ వివరము తెలిసిన పిమ్మట మందును మారినది. చైనాకు చెందిన లిన్, కెనడాకు చెందిన పీటర్ అను శాస్త్రజ్ఞుల మార్గము ననుసరించి, నేటి హేచరీలలో మెదడు ఆజ్ఞను పోలిన హార్మోనును, డోపమీనును అడ్డగించు డోంపెరిడోనును కలిపి ఇచ్చుచున్నారు. ఓవాప్రిమ్ అట్టి మందు. డోంపెరిడోను మనము వాంతులకు మందుల దుకాణములో కొనునదే. ఇప్పుడు మరియొక చేప తలను కోయనక్కరలేదు; చేప తన గ్రంథిలోని నిలువనే తాను విడుదల చేసికొనును. ఒక్క సూది చాలును.

పీయూష రసము వాడుచోట రెండు సూదుల పద్ధతి యున్నది. ఆడచేపకు మొదట కిలో బరువునకు రెండు మూడు మిల్లీగ్రాముల గ్రంథి చొప్పున ఇచ్చి, ఆరు గంటలు ఆగి, రెండవమారు అయిదునుండి ఎనిమిది మిల్లీగ్రాముల వరకు ఇత్తురు. మగచేపకు రెండవమారే, ఒక్కసారి. పిమ్మట మూడునుండి ఆరు గంటలలో గుడ్లు పడును. ఈ కొలతలు జన్యువులను చూచి ఏర్పరచినవి కావు. చేపలను చూచి, తప్పి, దిద్దుకొని ఏర్పరచినవి. చిన్న మోతాదు సిద్ధపరచును, పెద్ద మోతాదు ముగించును అని పనివారు చెప్పుట నేటి శాస్త్రమునకు విరుద్ధము కాదు. కాని నెలల తరబడి జరుగవలసిన పెంపును ఆరు గంటల మొదటి సూది చేయగలదనుకొనుట పొరపాటు. లేత పుటికలో ఈస్ట్రడయోలు తన పని ముగింపనిచో రెండవ హార్మోనునకు చెవి ఏర్పడదు.

మందు ఎక్కువైన మంచిదనుకొనువారికి మరియొక సంగతి. క్షీరదములలో ల్యూటినైజింగు హార్మోను ఒక్కసారిగా ఉప్పొంగిన పిమ్మట ఆ గ్రాహకముల సంఖ్య తగ్గిపోవును. జన్యువు నకళ్లు కూడ నశించును. బిగ్గరగా అరచిన కొలది శ్రోత చెవులు మూసికొన్నట్లు.

క్షీరదముల మాట తెచ్చుట ఊరకే కాదు. ఈ క్రమము మానవులకును వర్తించును. స్త్రీ అండాశయమునందును పుటికోద్దీపక హార్మోను ముందు పనిచేసి, సైక్లిక్ ఏ.ఎం.పీ. మార్గమున, ఈస్ట్రడయోలు తోడ్పాటుతో, ల్యూటినైజింగు గ్రాహకములను కల్పించును. సంతానము కోరి పరీక్షానాళికా పద్ధతి నాశ్రయించిన దంపతులకు వైద్యులు ఇచ్చు సూదుల వరుస కూడ ఇదే. సుమారు పది దినములు మొదటి హార్మోను. పుటికలు పెరిగినవని యంత్రముతో చూచిన పిమ్మట, ల్యూటినైజింగు గ్రాహకమును తాకు మరియొక హార్మోను ఒక్కసారి. వరుస తారుమారైన ఫలము లేదు. ఇట్టి విషయములను ఇంట మాటాడుటకు సంకోచించు పెద్దలు చేపతో మొదలుపెట్టవచ్చును.

బరంపురమునకు చేరువ రంగేలుండలో ఒడిశా వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు చెందిన మత్స్య కళాశాల 1981నుండి ఉన్నది. చేపలవిద్యపై మక్కువ గల మన పిల్లలకు అది దూరము కాదు. అచ్చట పాఠములు ఆంగ్లమున జరుగును. గ్రాహకమును, కేంద్రకమును, పుటికను తెలుగున అర్థము చేసికొని పోయినవానికి కొత్త పేర్లు నేర్చుట, శీలావతిని రోహి యని పిలుచుటకంటె కష్టము కాదు.

వానలు మొదలైన పిమ్మట హేచరీకి పోయినచో, సూది వేయుటకు ముందు పనివాడు చేపను ఎన్నుకొను విధము చూడుడు. మగచేపను పట్టి ప్రక్క రెక్కను వ్రేలితో రాయును, గరుకుగా నుండవలెను. పొట్టను మెల్లగా నొక్కును. పాలవంటి ద్రవము రావలెను. ఆడచేప కడుపు మెత్తగా, ఉబ్బి, గుడ్లు దిగు రంధ్రము ఎర్రబారి యుండవలెను. గట్టి కడుపు గల చేప ఎంత పెద్దదైనను, ఎంత వెలగలదైనను తిరిగి నీటిలో విడిచివేయును. గ్రాహకమను మాట అతడు వినియుండకపోవచ్చును. అది ఏర్పడినదో లేదో వ్రేళ్లతో తెలిసికొనుచున్నాడు.